గుజ్జనగూళ్ల తిరగలిని

నేను తిరగలిని. పెసలూ మినుములూ విసిరే రాతి తిరగలిని కాదు, నిమ్మకాయంత కర్ర తిరగలిని. లక్కపిడతల సెట్టులో పొయ్యికీ రోలుకీ మధ్య నా చోటు. పుట్టింది అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున. మాది అంకుడు కర్ర. మెత్తగా ఉంటుంది, ఉలి ఎటు చెబితే అటు వింటుంది. లేతు మీద గిర్రున తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కను నా ఒంటికి ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టేసింది. మొగలి ఆకుతో ఒత్తేసరికి మెరుపొచ్చింది. నా పసుపు రంగు పసుపుకొమ్ముది, నా నారింజ రంగు జాఫ్రా గింజలది. మధ్యలో మా ఊళ్లోకి రసాయన రంగులు జొరబడితే, పనివాళ్లను మళ్లీ చెట్ల రంగుల దారి పట్టించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2017లోనే మా ఊరి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టింటి గొప్పలు ఇక్కడికి ఆపుతాను.

నన్ను కొన్నది ఎలమంచిలి పెద్దాయన. హైదరాబాదులో ఉన్న అన్నగారి కూతురి కొడుక్కి నాలుగో పుట్టినరోజు. దుకాణం ముందు నిలబడే ఫోన్ చేశాడు.

"అమ్మా, పిల్లాడికి ఏం తెమ్మంటావు?"

"నీకు పుణ్యముంటుంది బాబాయ్, బొమ్మలు మాత్రం తేకు. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు."

సరేనని ఫోన్ జేబులో పెట్టుకుని మమ్మల్ని కట్టించుకున్నాడు. ఆయన లెక్కలో మేం గిన్నెలం.

కూకట్‌పల్లిలో ఆ ఫ్లాట్‌కి వెళ్లాక గానీ ఆ తల్లి బాధ నాకు అర్థం కాలేదు. సోఫా కింద కార్లు, మంచం కింద రైళ్లు, బాల్కనీలో ఎవరూ ఎక్కని ప్లాస్టిక్ గుర్రం. వాటి మీదికి ఆ సాయంత్రం ఇంకో గుట్ట వచ్చిపడింది. ఒకేరకం బ్లాకుల డబ్బాలు రెండు, రిమోట్ కార్లు, పొట్ట నొక్కితే ఇంగ్లీషు అక్షరాలు పాడే కుక్కపిల్ల. వచ్చినవాళ్లను తప్పు పట్టను. ఆఫీసు నుంచి వస్తూ దారిలో దుకాణం ముందు బండి ఆపుతారు. బాబా, పాపా, ఎంతలో అని దుకాణంవాడు అడుగుతాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగరు. డబ్బా పెద్దదిగా కనిపిస్తే చాలు. ఆ డబ్బా కొనేది పిల్లాడి కోసం అంటారు గానీ, నాకైతే వాళ్ల అమ్మానాన్నల కళ్ల కోసం కొన్నట్టే అనిపించింది. పిల్లాడు ఒక కాగితం చింపుతూనే రెండోదాని వైపు చూశాడు. చింపడమే ఆ పూట ఆట.

మా వంతు వచ్చింది. "మగపిల్లాడికి వంటగిన్నెలేంటి మావయ్యా?" అన్నాడు పిల్లాడి తండ్రి.

"ఇందాక నువ్వు రెండుసార్లు వేయించుకున్న బిర్యానీ వండింది మగాడే కదయ్యా" అన్నాడు పెద్దాయన.

ఇంకొకాయన మమ్మల్ని అటూ ఇటూ తిప్పి, ఐఎస్ఐ మార్కు లేదేమని అడిగాడు. అది అడగాల్సిన మాటే. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఆ మార్కు తప్పనిసరి. అయితే భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ, హస్తకళల శాఖలో నమోదైన పనివాళ్లు చేసి అమ్మేవాటికీ మినహాయింపు ఉందని పెద్దాయన చెప్పాడు. ఆ మాట విని కూడా తల్లి ఊరుకోలేదు. అందరూ వెళ్లాక ఒక్కొక్కదాన్నీ పట్టుకుని చూసింది. మా గరిటె మరీ సన్నంగా ఉందని, చంటిపిల్లలు ఇంటికొచ్చినప్పుడు పై అరలో పెట్టాలంది. కుక్కపిల్ల పొట్ట మూతకు స్క్రూ లేకపోవడం చూసి బటన్ బ్యాటరీ తీసేసి, టేపు వేసి దాచింది. పిల్లలు దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఆ రాత్రి ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. కుక్కపిల్ల మూగబోయినందుకు కొంచెం సంతోషం కూడా కలిగింది, దాచుకోను.

కానీ స్క్రూ మూత ఉన్న ఇంకో కుక్కపిల్ల వచ్చింది. అదీ పాడింది. ఎన్నిసార్లు నొక్కినా అదే పాట, అదే గొంతు. పిల్లాడు కొన్నాళ్లు దాని చుట్టూనే తిరిగాడు. తర్వాత నొక్కడం మానేశాడు. దానికి వచ్చినదంతా అది ముందే చెప్పేసింది మరి.

ఒకరోజు నన్ను చేతిలోకి తీసుకుని "ఇదేంటి?" అన్నాడు. తండ్రి లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. అది నా అదృష్టం. పిల్లాడు నా పైబిళ్ల తిప్పి చూసి "వాషింగ్ మెషీన్" అని తేల్చాడు. రెండు సాక్సులు నా పక్కన పెట్టి చాలాసేపు ఉతికాడు. తర్వాత నేను బస్సు స్టీరింగునయ్యాను, సింహానికి టోపీనయ్యాను. బ్లాకుల మీద నాకు కోపం లేకపోవడానికి కారణం కూడా ఇదే. అవీ తామేమిటో ముందుగా చెప్పవు. రెండు డబ్బాలూ కలిపితే మా పొయ్యికి గట్టు కట్టొచ్చని వాడే కనిపెట్టాడు.

తిరగలినని నాకు మళ్లీ గుర్తుచేసింది నానమ్మ. నా మీద నాలుగు అటుకులు పోసి, తిప్పి చూపించింది. తన చిన్నప్పుడు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని విసిరేవారనీ, గుజ్జనగూళ్లంటూ వంటాట ఆడుకునే రోజున అందరిళ్ల నుంచీ తలా పిడికెడు బెల్లం తెచ్చుకునేవాళ్లమనీ చెప్పింది. వేడివి మాత్రం పోయొద్దంది. లక్కకు వేడి పడదు. వాడు లేని పొయ్యిలో లేని మంట ఊది, అటుకులూ బెల్లమూ పళ్లెంలో పెట్టి "కారం ఎక్కువైందా నానమ్మా?" అని అడిగాడు. ఆవిడ నిజంగానే నీళ్లు తాగింది.

అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం గురించి తల్లి ఒకసారి భర్తకు చదివి వినిపించింది. 2018లో అచ్చయింది. ముప్పై ఆరుగురు పసివాళ్ల ముందు ఒకసారి నాలుగు, ఒకసారి పదహారు బొమ్మలు పెట్టి చూశారట. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారట. వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లవాళ్లు, మావాడు నాలుగేళ్లవాడు, కాబట్టి అదే లెక్క ఇక్కడ సరిపోతుందని నేను పందెం కాయను. ఆవిడ మాత్రం సగం సరుకు సంచుల్లో కట్టి సజ్జ ఎక్కించింది. నేనూ ఎక్కాను. నెల తిరక్కుండానే మా సంచి దిగింది, ఇంకోటి ఎక్కింది. పిల్లాడు నన్ను చూసి ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు కేక పెట్టాడు.

తర్వాతి పుట్టినరోజుకు ఆవిడ మొహమాటం పక్కన పెట్టింది. ఏం తెమ్మంటారని అడిగిన ప్రతివాళ్లకూ సూటిగా చెప్పింది. మేనత్త వాణ్ని నెహ్రూ జూపార్కుకు తీసుకెళ్తానని మాటిచ్చి, ఆ ఆదివారమే తీసుకెళ్లింది. ఒకరు 'మంచి పుస్తకం' వాళ్ల బొమ్మల కథల పుస్తకాలు తెచ్చారు. ఎలమంచిలి పెద్దాయన ఒక మట్టి మూకుడు, గుప్పెడు మెంతులు పట్టుకొచ్చాడు. అవి కొద్దిరోజుల్లోనే మొలకెత్తాయి. పిల్లాడు వాటికి నీళ్లు పోసిపోసి కుళ్లబెట్టాడు, మళ్లీ చల్లాడు. రిమోట్ కారు తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఉంటారు.

మా సెట్టు ఇప్పుడు పూర్తిగా లేదు. గరిటె ఎదురింటి పాప పట్టుకెళ్లింది. దాని బదులు వాళ్ల డాక్టరు సెట్టులోని స్టెతస్కోపు మా పొయ్యి పక్కన పడుంది. తిరిగిచ్చేయాలని ఇద్దరు తల్లులూ అనుకుంటున్నారు. పిల్లలిద్దరికీ ఆ ఉద్దేశం ఉన్నట్టు లేదు.