లైట్ వస్తుంది కద సార్!

ఫైనలియర్ ప్రాజెక్టుల రోజుల్లో ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో జరిగినన్ని అకాల మరణాలు ఇంకెక్కడా జరగవు. పోయేవి మైక్రోకంట్రోలర్ బోర్డులు. "సార్, బోర్డు ఖరాబైంది" అని ఒకడు ప్రకటిస్తాడు. బ్యాచ్‌లో మిగతా ముగ్గురూ గంభీరంగా తలలూపుతారు. నాడి చూసినవాడు లేడు గానీ మరణ ధ్రువీకరణ పత్రం మాత్రం సిద్ధం. సాయంత్రానికి చందాలేసుకుని కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త బోర్డు కొనుక్కొస్తారు. దాన్నీ అదే కేబుల్‌కు తగిలిస్తారు. అదీ పోతుంది.

అలాంటి పంచనామా ఒకటి. బల్ల మీద కొత్తగా కొనుక్కొచ్చిన ఈఎస్‌పీ32 బోర్డు, పక్కనే ల్యాప్‌టాప్. మైక్రో యూఎస్‌బీ పిన్ను దూర్చగానే బోర్డు మీద ఎర్ర ఎల్‌ఈడీ టక్కున వెలిగింది. ల్యాప్‌టాప్ మాత్రం కిక్కురుమనలేదు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో పోర్టుల జాబితా ఖాళీ. "కేబుల్ మార్చి చూశావా?" అని లెక్చరర్ అడిగితే, అడగరానిది అడిగినట్టు కుర్రాడు ముఖం పెట్టాడు. "లైట్ వస్తుంది కద సార్, కేబుల్ మంచిగనే ఉంది!" ఆ కేబుల్ గడ్డం గీసుకునే ట్రిమ్మర్‌తో పాటు వచ్చింది.

దీన్ని లైటు సిద్ధాంతం అనవచ్చు. ల్యాబుల్లో ఓమ్ సూత్రం కంటే దీనికే అనుయాయులెక్కువ. యూఎస్‌బీ 2.0 కేబుల్‌ను కోసి చూస్తే లోపల మామూలుగా నాలుగు తీగలుంటాయి. ఎరుపు, నలుపు కరెంటు మోస్తాయి. ఆకుపచ్చ, తెలుపు మాటలు మోస్తాయి. ట్రిమ్మర్‌కు కంప్యూటర్‌తో మాటలేమిటి? అందుకని దాన్ని తయారుచేసినవాడు రెండు తీగలతో సరిపెట్టి రాగి మిగుల్చుకున్నాడు. బోర్డు తగిలిందని కంప్యూటర్‌కు తెలియాలంటే, బోర్డు వైపు నుంచి 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక డేటా తీగను 3.3 వోల్టుల వైపు లాగాలి. అదే కాలింగ్ బెల్. బెల్లు తీగే లేని గుమ్మం ముందు నిలబడి, వరండాలో లైటు వెలుగుతోంది గనక ఇంట్లోవాళ్ళు తలుపు తియ్యకపోతే పోయినట్టే అని తేల్చే చుట్టాన్ని ఏమనాలి? మన ల్యాబుల్లో అతన్ని ప్రాజెక్టు లీడర్ అంటున్నారు.

లైటు సిద్ధాంతం తర్వాతి మెట్టు డ్రైవర్ భక్తి. సీహెచ్340 డ్రైవర్ దించుతారు, ఎక్కిస్తారు, రీస్టార్ట్ కొడతారు. మళ్ళీ దించుతారు. సీపీ2102 డ్రైవర్ కూడా పడేస్తారు, ఎందుకైనా మంచిదని. భక్తి ముదిరితే విండోసే ఫార్మాట్. ఇంతకీ బోర్డు మీద ఆ సీహెచ్340 చిప్పు చేసేది దుబాసీ పని. బోర్డు సీరియల్‌లో మాట్లాడుతుంది, కంప్యూటర్ యూఎస్‌బీలో వింటుంది, మధ్యలో ఇది అటుదిటు చెబుతుంది. బెల్లు వినబడి, దుబాసీ భాష తెలియకపోతే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఒక పేరు కనబడుతుంది. అప్పుడు డ్రైవర్ వెతకడంలో అర్థముంది. అసలు ఏ గుర్తూ లేదు, తగిలిస్తే చప్పుడూ లేదు, పీకితే చప్పుడూ లేదు. అక్కడ డ్రైవర్ మార్చడమంటే బస్సే రాని డిపోలో డ్రైవర్‌ను మార్చడమే.

అయితే పాపం మొత్తం పిల్లల నెత్తిన రుద్దడం కూడా అన్యాయమే. కంప్యూటర్లవాళ్ళూ ఏమంత సత్తెకాలపు సత్తెయ్యలు కారు. తగిలించగానే పనిచేస్తుందని ఊరించిన యూఎస్‌బీ, 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్ కంప్యూటర్ ప్రదర్శన వేదిక మీద సాక్షాత్తూ బిల్ గేట్స్ పక్కన స్కానర్ తగిలించగానే విండోస్ 98ను నీలి తెరలో ముంచింది. ఇక 2014 అక్టోబర్ సంగతి. యూఎస్‌బీ దుబాసీ చిప్పులు చేసే స్కాట్లాండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ, తన చిప్పులకు నకళ్ళు వస్తున్నాయని కోపమొచ్చి, విండోస్ అప్‌డేట్ ద్వారా ఒక డ్రైవర్ పంపింది. అది నకలు చిప్పు దొరికితే దాని గుర్తింపు నంబర్‌ను సున్నా చేసేసేది. నకలు చేసినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు, అసలో నకలో తెలియక కొన్నవాడి బోర్డు మూగబోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. గొడవయ్యాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు.

లైనక్స్ వాడితే ఈ బాధలుండవనే జ్ఞానులకు ఉబుంటు 22.04 జవాబు చెప్పింది. అందులో బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఉంది. చూపులేనివారి బ్రెయిలీ పరికరాల కోసం పెట్టింది, మంచి ఉద్దేశమే. కానీ ఒక బ్రెయిలీ పరికరానికీ సీహెచ్340కీ గుర్తింపు నంబర్లు ఒకటే కావడంతో, ఆర్డుయినో నకలు బోర్డు తగిలించగానే ఇది లాగేసుకునేది. పోర్టు ఒక్క క్షణం కనబడి మాయం.

టైప్-సీ సంగతి చెప్పుకోకపోతేనే నయం. సీసీ అనే రెండు పిన్నులకు చెరో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. పైసల్లో ఖర్చు. కొన్ని చవక బోర్డుల్లో అదీ మిగిల్చారు. పాత యూఎస్‌బీ-ఏ నుంచి సీకి వచ్చే కేబుల్‌తో బోర్డు పనిచేస్తుంది, రెండు వైపులా సీ ఉంటే లైటు కూడా రాదు. చవక బోర్డులనేముంది, 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4లో రెండు పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. దాంతో కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాన్ని ఆడియో పరికరమనుకుని కరెంటివ్వడం మానేశాయి.

పోర్టు కనబడ్డాక కూడా మరణాలు ఆగవు. ఆర్డుయినో నానో బోర్డుకు ప్రోగ్రామ్ పంపితే "నాట్ ఇన్ సింక్" అని పదిసార్లు ఎర్ర అక్షరాలు. వెంటనే, చిప్పు కాలింది! కాలింది చిప్పు కాదు. 2018 నుంచి ఆర్డుయినో కంపెనీ నానోలో, ప్రోగ్రామ్‌ను అందుకునే బూట్‌లోడర్ కొత్తది పెడుతోంది. చాలా నకళ్ళలో పాతదే ఉంది. కొత్తది 115200 వేగంతో మాట్లాడుతుంది, పాతది 57600తో. మెనూలో 'ఓల్డ్ బూట్‌లోడర్' అన్న వరుస మీద నొక్కితే చచ్చిన చిప్పు లేచి కూర్చుంటుంది. ఆర్డుయినో ఊనోలో 0, 1 పిన్నులకు బ్లూటూత్ మాడ్యూల్ గుచ్చి, అదే దారిలో యూఎస్‌బీ నుంచి ప్రోగ్రామ్ ఎందుకు రాదని తిట్టుకునేవాళ్ళు వేరే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మద్దెల కొత్తది కొనడం మాత్రం ఆగదు.

ఆ రోజు ల్యాబ్‌లో అటెండర్ తన పాత ఫోన్ కేబుల్ తెచ్చిచ్చాడు. తగిలించగానే ల్యాప్‌టాప్ టుడుంగ్‌మంది. జాబితాలో కామ్ 5 వచ్చింది. అప్‌లోడ్ నొక్కారు. 'కనెక్టింగ్' పక్కన చుక్కలు బారులు తీరాయి. ఎవరో బూట్ బటన్ నొక్కిపట్టారు. నీలం లైటు ఆరుతూ వెలిగింది. చచ్చిందనుకున్న మొదటి బోర్డును తీసి పెట్టారు, అదీ ఆరుతూ వెలిగింది. నలుగురూ ఫోటో దిగారు. తర్వాత ట్రిమ్మర్ కేబుల్‌ను జాగ్రత్తగా చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, కేబుల్స్ అని రాసిన అట్టపెట్టెలోకి విసిరారు. అప్పటికే పక్క బ్యాచ్ కుర్రాడు ఆ పెట్టెలో చెయ్యిపెట్టి మైక్రో యూఎస్‌బీ కోసం వెతుకుతున్నాడు.