కంప్యూటరునకు జీవన ప్రమాణపత్రము

ఏటేట నవంబరు మాసము రాగానే కేంద్ర ప్రభుత్వపు విశ్రాంతోద్యోగి తాను జీవించియున్నాననుటకు నిదర్శనము చూపవలయును. కన్నులయెదుట తిరుగాడుచు, కాఫీలో చక్కెర తగ్గినదని విసుగుకొనుచు, పత్రికలోని అచ్చుతప్పులకు ఎఱ్ఱసిరాతో గీతలు గీయుచున్నవాడైనను, ప్రమాణపత్రము దాఖలు కానంతవఱకు అతడు బ్రతికియున్నట్లు పింఛను శాఖ విశ్వసింపదు. 2014వ సంవత్సరమున ‘జీవన్ ప్రమాణ్’ అను పథకము వెలసిన పిదప ఈ యగ్నిపరీక్ష యింటనే జరుగుచున్నది; కంప్యూటరునకు వేలిముద్ర తీయు చిన్న పరికరమును తగిలించి బొటనవ్రేలు నొక్కినచో ప్రాణమున్నట్లు ప్రభుత్వము అంగీకరించును. మా పొరుగింట నివసించు రైల్వే విశ్రాంతోద్యోగి ఆ యేటనే కొనిన కంప్యూటరు మీద తన ప్రాణమును నిరూపించుకొనుచు వచ్చెను. ఇట్లుండగా 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు పోషణ నిలిచిపోవుననియు, అందువలన ఆ కంప్యూటరునకు కాలము చెల్లినట్లే యనియు తెరమీద కబురు వచ్చినది. యజమాని సజీవుడని సాక్ష్యము పలికిన యంత్రము తన సంగతి వచ్చునప్పటికి నోరు మెదపలేకపోయెను.

నేరమేమని విచారింపగా తేలిన దిది. ఆ యంత్రములోని ప్రాసెసరు ఇంటెల్ వారి నాల్గవ తరమునకు చెందిన ఐ5. విండోస్ 11 గడప త్రొక్కదలచిన ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదవ తరమునకు లోబడి యుండరాదనియు, టీపీఎమ్ 2.0 అను రహస్యరక్షకము దానికి తోడుండవలయుననియు మైక్రోసాఫ్ట్ వారు 2021లోనే శాసించిరి. వంశక్రమమును ఇంతటి నిష్ఠతో పాటించువారు ఈ కాలమున దుర్లభులుగదా యని నేను తొలుత సంతోషించితిని. అయితే అర్హుల పట్టికను ఆమూలాగ్రముగా పఠింపగా ఏడవ తరమువారిలో కొలదిమందికి మినహాయింపు లభించినట్లును, ఆ కొలదిమందిలో ఐ7-7820హెచ్‌క్యూ అను నొకడున్నట్లును కానవచ్చెను. ఇతడు చేసికొన్న పుణ్యమేమనగా, మైక్రోసాఫ్ట్ వారే తయారుచేసి విక్రయించిన సర్ఫేస్ స్టూడియో 2 అను యంత్రమున కాపురముండుట! మన కార్యాలయములలో అల్లుండ్ర నిమిత్తము అర్హతలు సవరింపబడుట చూచి తలవంచుకొనువారు ఇక తలయెత్తుకొని తిరుగవచ్చును.

నిర్దయులనుటకును వీలులేదు. 2026 అక్టోబరు 13 వఱకు ఆయుర్దాయమును పొడిగింతుమని వారే సెలవిచ్చిరి. అందులకు 30 డాలర్లు చెల్లింపవచ్చును. లేదా తన యంత్రపు సెట్టింగులను వారి ఖాతాలో భద్రపఱుపవచ్చును. ఈ రెండును రుచింపనివారు వారి యింటి సేవలను వాడి వాడి కూడబెట్టిన 1,000 పాయింట్లను సమర్పింపవచ్చును. మార్కండేయునికి శివలింగమును కౌగిలించుకొనుట తప్ప వేఱు సౌకర్యము లేకపోయెను.

ఇంజినీరింగు చదువుచున్న మనుమడు ఈ సందర్భమును జాఱవిడుచునా?

“తాతయ్యా, నీ ప్రాసెసర్ బాటిల్‌నెక్ అయిపోతోంది.”

“అంటే ఏమిట్రా?”

“మిగతా పార్టులన్నీ దానికోసం ఆగాల్సి వస్తోంది.”

“ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేశాను. ఒకదానికోసం ఇంకోటి ఆగకపోతేనేరా ప్రమాదం!”

వంటింటినుండి ఆ యిల్లాలు, “ఏమండీ, ఇప్పుడు ఫోనుకి మొహం చూపించినా సరిపోతుందటగా, ఇక కంప్యూటరెందుకు?” అని యడిగెను. సభలో పలుకబడిన వాక్యములన్నిటిలో అర్థవంతమైనది అదియొక్కటే యగుటచే దానిని ఎవ్వరును చెవినిడలేదు. మనుమని యాంతర్యము వేఱు: రాత్రివేళల ఆడుకొను ఆటలలో బొమ్మలు తడబడుచున్నవి. బొమ్మలను గీయు భారము గ్రాఫిక్స్ కార్డుది. అట్టిది ఆ యంత్రములో పుట్టిన నాటినుండియు లేదు. లేనివానిని శిక్షింపజాలక ఉన్నవానిని శిక్షించుట న్యాయస్థానములయందును జరుగునదియే కదా.

పోనిండు, ప్రాసెసరొక్కటే మార్చిన సరిపోదా యని అమాయకు డెవ్వడైన అడుగవచ్చును. నాల్గవ తరపు సాకెట్టున స్పర్శబిందువులు 1150. దానికి ముందు 2011లో వచ్చినదానికి 1155, 2015లో వచ్చినదానికి 1151, 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851. వీనిలో ఏ సాకెట్టునకు చేసిన ప్రాసెసరు వేఱొక సాకెట్టున కూర్చుండదు. కూర్చుండినను కాపురము చేయునన్న భరోసా లేదు. ఏలయన 2017లో వెలువడిన ఎనిమిదవ తరమునకును అవే 1151 బిందువులైనను, అంతకుముందటి 1151 బోర్డులు దానిని స్వీకరింపకుండునట్లు ఏర్పాటు చేయబడెను. ఏఎమ్‌డీ వారు ఈ విషయమున కొంత గృహస్థధర్మము నెఱిగినవారు. వారి ఏఎమ్4 బోర్డు 2017లో కొనినదైనను, బయాస్ నవీకరించినచో 2022 నాటి ప్రాసెసరును పెక్కు సందర్భములలో ఆదరించును. కాని మా పొరుగువాడు కొనినది ఆ శాఖ కాదు. ఆతని బోర్డున ఇమిడెడి యగ్రగణ్యుడు 2014 నాటి ఐ7-4790కె; సెకండ్‌హ్యాండుగా వెదకి తెచ్చి ప్రతిష్ఠించినను అతడును నాల్గవ తరమువాడే గావున విండోస్ 11 గడపకడ కథ మొదటికి వచ్చును. కాబట్టి ప్రాసెసరు మార్చుట యనగా బోర్డు మార్చుట. బోర్డు మార్చిన పాత డీడీఆర్3 ర్యాము పనికిరాదు. క్రొత్త ర్యాము కొందమన్నచో, 2025 చివరి మాసములనుండి కృత్రిమమేధా కేంద్రములు మెమరీ చిప్పులను బండ్లకెత్తుకొని పోవుచుండుటచే దాని వెల కన్నుల పడనీయకున్నది. తుదకు పాతయింటినుండి క్రొత్తయింటికి చేరునది క్యాబినెట్టు రేకుడబ్బా యొక్కటే. దానికిని అద్దపు తలుపును రంగుదీపములును లేవని మనుమడు ఆక్షేపించెను.

ఇంతకును వార్ధక్యమువలన ప్రాసెసరు మందగించునా? 2014లో సెకనునకు ఎన్ని లెక్కలు కట్టెనో నేడును ఇంచుమించు అన్నియే కట్టును. పంకాకు దుమ్ము పట్టి, హీట్‌సింకు క్రింద పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయినచో, సికింద్రాబాదు మే నెలలో ఒడలు మాడకుండుటకై తనంతట తాను వేగము తగ్గించుకొనుట నిజమే. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను లోపములు బయల్పడిన పిదప వేసిన అతుకులు కొంత వేగమును హరించుటయు నిజమే. తక్కిన దోషము దానిచే చాకిరి చేయించుకొనువారిది. చిప్పుమీది ట్రాన్సిస్టర్లు ఏటేట రెట్టింపగునని 1965లోను, కాదు, రెండేండ్లకొకమాఱని 1975లోను గోర్డన్ మూర్ పలికిన జోస్యమును అందఱును స్మరింతురు. యంత్రము వేగవంతమగుటకంటె శీఘ్రముగా సాఫ్ట్‌వేరు మందగించుచున్నదని 1995లో నిక్లాస్ విర్త్ అను స్విస్ ఆచార్యుడు వాపోయిన సంగతిని స్మరించువారు అరుదు. మొదటివాని జోస్యము ఇచ్చినదానిని రెండవవాని జోస్యము మ్రింగుచున్నది.

ఇచ్చుటయు పూర్వమువలె లేదు. 1989లో 25 మెగాహెర్ట్జులతో జన్మించిన 486 వంశము 2004 నాటికి పెంటియమ్ 4 రూపమున 3.8 గిగాహెర్ట్జులకు ఎగబ్రాకెను. పదునైదేండ్లలో నూటయేబది రెట్లు! తరువాతి యిరువదేండ్లలో వేగము రెట్టింపైనను కాలేదు, వేడి అడ్డుపడెను. వేగము పెంపలేనివారు కోర్ల సంఖ్యను పెంచిరి. విడదీయరాని పని ఎంత గలదో అంతమేర సహాయకు లెందఱున్నను లాభము లేదని జీన్ ఆమ్డాల్ 1967లోనే హెచ్చరించియుండెను. పింఛను కార్యాలయమునకు వ్రాయు అర్జీలో ‘మహారాజశ్రీ’ యను మాటను పదునాఱు కోర్లు తలా యొక యక్షరము చొప్పున పంచుకొనజాలవు.

ఒకనాటి సాయంకాలము టాస్క్ మేనేజరు తెఱచి చూచితిమి. ప్రాసెసరు కాలుమీద కాలు వేసికొని కూర్చున్నది. హార్డ్ డిస్కు నూటికి నూఱుపాళ్లు శ్రమించుచున్నది. నిమిషమునకు 7,200 మాఱులు తిరుగు ఆ పళ్లెముమీద కావలసిన యక్షరమును వెదకి పట్టుటకు సెకనులో నూఱవవంతు పట్టుననుకొన్నను, 3.3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు ఆ లోపల మూడు కోట్లకు పైగా స్పందనములు ఊరక వ్యర్థపుచ్చును. మనుమడు చెప్పినదానికి సరిగా తలక్రిందులు: తక్కినవి దానికొఱకు గాక, అదియే తక్కినవానికొఱకు పడిగాపులు పడుచున్నది. ఎస్‌ఎస్‌డీ యొకటి వేసిన పని జరుగును. విండోస్ వారి వాయిదా గడువు ముగియువఱకు తక్కిన ఆలోచన ఆగవచ్చును. కాని చవుక చికిత్సకు గౌరవము తక్కువ; “ఎస్‌ఎస్‌డీ వేయించితిని” అని పెండ్లిండ్లలో చెప్పుకొనువా డెవ్వడు?

మఱునాడు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయితిమి. అట నొక చిన్న దుకాణమున కుఱ్ఱవాడు మా మాట విని మమ్ము ఆపాదమస్తకము పరామర్శించెను.

“ఫోర్త్ జెన్ ఆ సార్? ఇప్పుడు ఎవరు వాడుతున్నరు సార్! బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ సెట్టు తీస్కోండి. ర్యామ్ రేటు ఇయ్యాల చెప్పింది రేపు ఉండది.”

పెద్దాయన ఎస్‌ఎస్‌డీ యొక్కటే చాలుననెను. కుఱ్ఱవాడు నిట్టూర్చి బిల్లు వ్రాయుటకై కౌంటరు క్రింది కంప్యూటరువైపు తిరిగెను. దాని తెరమీద విండోస్ 7 నాటి నీలికాంతి. ప్రక్కన కీచుమనుచు చుక్కలతో అచ్చొత్తు ప్రింటరు.

“నాయనా, ఇది ఎన్నో తరం?” అని పెద్దాయన వంగి చూచెను.

“సెకండ్ జెన్ సార్.”

“మఱి మార్చలేదే?”

“నడుస్తుంది గద సార్, ఎందుకు కదిలించుడు!”