పసుపు బొట్టు

ఆ రిజిస్టర్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పిల్లలు బడికి తీసుకెళ్లే లాంగ్ నోటుబుక్కు. అట్ట మీద పేరు లేదు, లోపల ఒక్క అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. బడి దగ్గరి బోరుకు జెండా, రాములవారి గుడి ముందు చేతిపంపుకు గోపురం, ఓవర్‌హెడ్ ట్యాంకుకు నాలుగు కాళ్ల మీద ఒక గుండిగ, చెరువు కింద బావికి పెద్ద సున్నా. ప్రతి బొమ్మ పక్కన ఒక అంకె. జెండా పక్కన మాత్రం అంకెతో పాటు, తడి వేలితో పెట్టిన పసుపు బొట్టు. నెలకొక పేజీ. ఏ నెలా తప్పలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల్లో నీళ్ల పరీక్ష చేసే ఆడవాళ్లను కూడగట్టడం అప్పట్లో నా పని. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి వైద్య పరిశోధన 1937లో వెలువడింది. అది నెల్లూరు జిల్లా పల్లెల గురించే. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఈ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్లాయి. జిల్లా గీత జరిగింది గానీ నేల కింద రాయి జరగలేదు. ఆ రాతి పగుళ్లలో నీరు ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ పట్టుకుంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ఆ పైన తాగితే పళ్ల మీద గోధుమరంగు చారలు, ఏళ్లు గడిస్తే వంగని నడుము, చాపలేని కాళ్లు. పిల్లల పళ్లు చెడేది అవి బయటికి వచ్చాక కాదు, చిగుళ్ల లోపల తయారయ్యేటప్పుడే. కాచినా ఆ విషం పోదు, నీరు ఇంకేకొద్దీ చిక్కనవుతుంది. రుచి లేదు, వాసన లేదు. కంటికి కనిపించాలంటే మందు చుక్కలు వేయాల్సిందే.

పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. బుడ్డిలో గీత దాకా నీళ్లు పోయాలి, లెక్క ప్రకారం చుక్కలు వేయాలి, కుదపాలి, వచ్చిన రంగును పెట్టెలోని రంగుల అట్టతో పోల్చాలి. మంచి నీళ్లయితే గులాబీ రంగు నిలుస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ వెలిసి పసుపులోకి దిగుతుంది. 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చాక ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఇది నేర్పాలన్నది దేశమంతటికీ పద్ధతి అయింది. మా చిన్న బృందమూ తన పల్లెల్లో అదే చేస్తూ వచ్చింది.

నేర్పడం తేలిక, నేర్చిన మనిషి ఊళ్లో నిలవడం కష్టం. ఒకమ్మాయి కాన్పుకని పుట్టింటికి పోతుంది, ఒకామె మొగుడితో ఇటుక బట్టీలకు పోతుంది. పెట్టె మాత్రం అటక ఎక్కుతుంది. ఈ రిజిస్టర్ వచ్చిన ఊళ్లోనూ అంతే జరిగింది. నేర్చుకున్న కోడలు పిల్ల నెల్లూరు వెళ్లిపోతూ పెట్టెను పక్కింటి ఆమెకు ఇచ్చి పోయింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. "నేను జేస్తాలే సార్, ఇంటికాడ ఊరికే ఉండేదే గదా" అంది. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చోబెట్టి అరగంటలో చూపించాను. ఎన్ని చుక్కలు, ఎంతసేపు కుదపాలి, ఏ రంగు పక్కన ఏ అంకె ఉందో చూసి దించడం. ఆమె రెండుసార్లు చేసి చూపించింది. ఒక్క చుక్క తేడా రాలేదు. ఆత్మకూరు బస్సుకు టైమైందని లేచాను.

ఆ తర్వాత నెలనెలా వెళ్లి పేజీ చూసుకుని వచ్చేవాణ్ణి. మొదటిసారి ఆ పసుపు బొట్టు చూసినప్పుడు నా ఒళ్లు పులకరించింది. చదువులేని మనిషి, ఎవరూ చెప్పకుండానే, ప్రమాదం ఉన్న బోరుకు తన సొంత గుర్తు పెట్టుకుంది! బడి బోరు ప్రతిసారీ పసుపే, అంకె ప్రతిసారీ 1.5 దాటే. బావి ఏ నెలా 1కి చేరలేదు. ఆ అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి పైకి పంపేవాణ్ణి.

ఎక్కడ మీటింగు పెట్టినా నేను ఒక సంగతి తప్పక చెప్పేవాణ్ణి. 2000ల దశకంలో మన పక్క ప్రకాశంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో, రైతులే తమ బావుల్లో నీటిమట్టం కొలిచారు. 15 రోజులకొకసారి తాడు దించి చూసి, లెక్కలు ఊరి బోర్డు మీద రాసుకుని, రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట తూగుతుందో తామే తేల్చుకున్నారు. కొలిచినవాడికే ఆ అంకె అక్కరకు రావాలి అనేవాణ్ణి. ఆ మాటను ఇప్పటికీ మనసారా నమ్ముతాను.

ఆత్మకూరులో వాలంటీర్లందరినీ పిలిచిన రోజు, ఈ కథ అయ్యాక ఆ రిజిస్టర్ పైకెత్తి చూపించాను. జెండా, గోపురం, సున్నా అన్నీ వివరించి, పసుపు బొట్టు దగ్గర ఆగాను. "మనందరికీ ఈ అక్క పాఠం చెప్పింది" అన్నాను. చప్పట్లు మోగాయి. శాలువా కప్పి మైకు ఆమె చేతికిచ్చాను. "నువ్వే చెప్పక్కా, ఆ బొట్టు ఎందుకు పెట్టావో."

ఆమె కొంగు సర్దుకుంది.

"ఏముండాది సార్ చెప్పేదానికి. మీరు నేర్పినట్టే జేసినా. అన్ని నీళ్లూ రోజారంగులోనే ఉంటాయి. ఇస్కూలు బోరొక్కటే పసుపు కలిపినట్టు పచ్చంగా వస్తుండాది. నెంబరు గూడా దానికే ఎక్కువ. పసుపంటే శుభం గదా, అందుకని బొట్టు పెట్టినా. ఊళ్లో అందురికీ చెప్పినా, తాగేదానికి ఆ నీళ్లే తెచ్చుకోమని. ముందు బావినీళ్లు తాగేవోళ్లం, ఇప్పుడు బావికాడికి ఎవురూ పోవడం లేదు. నా మనవరాలికి పాలపిండి గూడా ఆ నీళ్లతోనే కలపతా ఉండాం."

హాల్లో చప్పట్లు లేవు. రిజిస్టర్ నా చేతిలో తెరిచే ఉంది. మొదటి పేజీకి తిప్పాను. తొలి బొట్టు పెట్టి 11 నెలలు. ఆ 11 పేజీల్లోనూ, పసుపు బొట్టు కిందే, తనిఖీ చేసినట్టు నా సంతకం ఉంది.