తేట నీళ్ళ తిప్పలు

మా అక్కన్నపేటలో నీళ్ళు లేవని ఏడ్చినవాళ్ళను చూశాను. అకాల వాన పడి కల్లంలో వడ్లు తడిశాయని ఏడ్చినవాళ్ళనూ చూశాను. ఇంటెనుక నీళ్ళు మసకబారాయని ఏడ్చిన కుటుంబం మాత్రం నాకు తెలిసి మాదొక్కటే. ఈ ఘనతంతా మా బావమరిదిది.

ఆయన ఉండేది హైదరాబాదులో. తాతలనాటి ఇల్లు ఇక్కడ. ఇంటెనుక గడ్డివాము వేసే జాగా ఊరికే పడి ఉందని అందులో స్విమ్మింగ్ పూల్ కట్టించాడు. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, అడుగున నీలం రంగు టైల్సు. ఎప్పుడన్నా సెలవు దొరికితే వచ్చి ఈదిపోవడం ఆయన వంతు. మిగతా రోజుల్లో ఆ నీళ్ళ మంచిచెడ్డలు చూడటం, రిటైరై ఊళ్ళోనే ఉంటున్న బావ వంతు. అంటే నాది. "నువ్వు సైన్సు సారువి గద బావా, నీకంటె ఎవరికి ఎరుక?" అన్నాడు. నీటి ఫార్ములా బోర్డు మీద రాసినవాడికే నీళ్ళు అప్పజెప్పాలన్నది ఆయన తర్కం. అదే లెక్కన గుండె బొమ్మ గీసినందుకు నాచేత ఆపరేషన్ చేయించలేదు, సంతోషం.

ఈత మా ఊరికి కొత్తేమీ కాదు. మా తరమంతా వ్యవసాయ బావుల్లోనే నేర్చుకుంది. నడుముకు బెండ్లు కట్టుకుని, అవి లేకుంటే మూత గట్టిగా బిగించిన ఖాళీ డబ్బా కట్టుకుని ఒడ్డున వణుకుతుంటే, వెనక నుంచి చిన్నాయన ఒక్క తోపు తోసేవాడు. కోచింగ్ అంతటితో పూర్తి. ఆ నీళ్ళు తేటగా ఉన్నాయా మడ్డిగా ఉన్నాయా అని ఎవడూ అడిగిన పాపాన పోలేదు. బావిలో అడుగు కనబడితే మాకు భయం. అంటే ఆ ఏడు కరువన్నమాట. స్విమ్మింగ్ పూల్‌లో అడుగు కనబడకపోతే భయం. ఈ చిన్న తేడా అర్థం కావడానికి మా కుటుంబానికి చాలా బ్లీచింగ్ పౌడరు ఖర్చయింది.

పెద్దలు ఏ మందూ వేయకుండానే బావినీళ్ళు బాగా ఉంచుకున్నారని గొప్పలు పోయేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. బాగా ఉంచింది పెద్దలు కాదు, మోట. తర్వాత దాని పని మోటరు తీసుకుంది. పొద్దున తోడిన నీళ్ళు పొలానికి పోయేవి, రాత్రికి ఊట కొత్త నీళ్ళు తెచ్చేది. లోతు వల్ల ఎండ కూడా అంతగా తగిలేది కాదు. పూల్‌కు ఊట లేదు, నీడ లేదు. పోసిన నీళ్ళే ఉంటాయి. వాటిలో మనం వదిలిన చెమట, నూనె, పసుపు, సబ్బు అన్నీ మనకోసమే భద్రంగా ఉంటాయి.

మసక మొదలైంది యాసంగి వరి కోతలప్పుడు. చుట్టూ పొలాల్లో హార్వెస్టర్లు తిరుగుతుంటే పొట్టు, దుమ్ము గాలికి లేచి వచ్చి మా పూల్‌లో వాలాయి. వాటి వెంట ఎరువు ధూళి కూడా వచ్చి ఉంటుంది. పొలంలో వరిని పెంచే నత్రజని, భాస్వరం పూల్‌లోకొస్తే నాచును పెంచుతాయి. వాటికి పొలమా, టైల్సా అన్న పట్టింపు లేదు. పైన మండుటెండ. ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడే మందేదీ కలపని నీళ్ళలో దాన్ని ఎండ కొద్ది గంటల్లోనే తినేస్తుంది. హైదరాబాదు నుంచి వీడియో కాల్ వచ్చింది. "బావా, గదేంది, నీళ్ళు పలుచటి సల్ల లెక్క గొడుతున్నయ్?"

ఆ కాల్‌తో మా ఊళ్ళో సలహాల ఊట మొదలైంది. పూల్‌కు ఊట లేని లోటును అది తీర్చింది.

మొదట వచ్చింది మా చిన్నాయన కొడుకు. చంకలో బ్లీచింగ్ సంచి. "అన్నా, చేదబాయిలేస్తె పురుగులన్ని సచ్చినయ్. గిదెంత?" అంటూ అమాంతం కుమ్మరించాడు. పలుచటి సల్ల చిక్కటి సల్ల అయింది. తాజా బ్లీచింగ్ పౌడర్లో పనికొచ్చే క్లోరిన్ సుమారు 33 శాతమే. మిగిలినదాంట్లో చాలావరకు సున్నమే. అందుకే దాన్ని బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగి, పైన తేరిన నీళ్ళను మాత్రమే వాడి, కింద మిగిలిన సున్నాన్ని పారబోయాలి. బావులకూ అదే పద్ధతి. ఇక మోతాదు సంగతి. మా పూల్‌లో పట్టేవి సుమారు 22,650 లీటర్లు. లీటరుకు పది మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున గట్టి మోతాదు వేసినా ఏడు వందల గ్రాముల పౌడరు చాలు. మా తమ్ముడు లెక్క వేయలేదు, సంచి వేశాడు.

ఆ సున్నంతో ఇంకో తంటా వచ్చింది. మా బోరు నీళ్ళు అసలే గట్టివి. అన్నం గిన్నెకు కూడా తెల్లటి పొర కడతాయి. సున్నం పడితే నీటి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో చురుగ్గా పనిచేసేది సగం. 8 దాటితే పావు వంతు కూడా ఉండదు. పైగా గట్టి నీళ్ళలోని కాల్షియం తెల్లటి పొడిగా విడిపోతుంది. అంటే మందు వేసినకొద్దీ మందు పని తగ్గింది, మసక పెరిగింది. మా తమ్ముడు దీనికి కూడా ఒక మందు చెప్పాడు: ఇంకో సంచి.

తర్వాత మా మేనత్త. "పటిక గట్టి తిప్పు బిడ్డా, తెల్లారేసరికి అద్దమైతది." ఈ మాట నూటికి నూరుపాళ్ళు శాస్త్రం. నీళ్ళను మసకబరిచే సన్నటి రేణువులన్నింటిపైనా ఒకే రకం విద్యుదావేశం, రుణావేశం, ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటూ కలవక, కింద కూర్చోక, రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. పటికలోని అల్యూమినియం ఆ పంతాన్ని విరుస్తుంది. రేణువులు గుంపుకట్టి, బరువెక్కి, అడుగుకు చేరతాయి. అయితే రాత్రంతా మోటరు కట్టేసి, నీళ్ళను కదలనీయకుండా వదిలేయాలి. వదిలేశాం. తెల్లారి అడుగున బూడిదరంగు మెత్తటి పొర, పైన నిజంగానే అద్దం. అత్త నావైపు చూసిన చూపులో నా బీఎడ్ పట్టా మొత్తం కరిగిపోయింది. ఆ మడ్డిని పైపుతో పీల్చి బయటికి పంపేయాలనుకుంటుండగానే, రాత్రి బస్సులో దిగిన బావమరిది పిల్లలిద్దరూ "మామయ్యా, నీళ్ళు మస్తున్నయ్!" అంటూ దూకారు.

మళ్ళీ సల్ల.

మూడో సలహా పక్కింటి తాతది. "చిల్లగింజ అరగదీసి కలుపుండ్రి. మా కాలంల బుంగలోపల గదే రుద్దేటోళ్ళు." ఇదీ ఉత్త మాట కాదు. చిల్లగింజను ఇండుపు గింజ అని కూడా అంటారు. అదే సంస్కృతంలో కతకం. బురదనీటిని తేటపరిచేవాటిలో సుశ్రుతుడు దాన్ని లెక్కించాడు. బిందెడు నీళ్ళకు అది బ్రహ్మాండం. ఇరవై రెండు వేల లీటర్లకు ఎన్ని గింజలు, ఎవరు అరగదీయాలి అన్నదే ప్రశ్న. తాతకు చేతులు నొప్పి, నాకు నడుము నొప్పి. ఇండుపు గింజ పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్ళు తేరవని మనుస్మృతి కాలానికే జనాలకు తెలుసు. మా ఇంట్లో మాత్రం వారం రోజులు పేరు తలచుకోవడమే జరిగింది.

ఇక వరసగా వచ్చినవాళ్ళు వచ్చినట్టే. ఒకాయన గంబూసియా చేపలు వదలమన్నాడు. అవి తినేది దోమ పిల్లలను, మసకను కాదు. పైగా ఈతకు సరిపడా క్లోరిన్ ఉన్న నీళ్ళలో అవి బతకవు. ఇంకో రైతు మైలుతుత్తం వేయమన్నాడు. నాచును అది చంపుతుంది, నిజమే. కానీ సున్నం అప్పటికే పూల్‌లో ఉంది కాబట్టి, మైలుతుత్తం కూడా కలిపితే తోటలకు కొట్టే బోర్డో మిశ్రమం తయారయ్యేదే తప్ప ఈతకొలను కాదు. మా వదిన దిష్టి తగిలిందని బూడిద గుమ్మడికాయ తెచ్చి గట్టు మీద కట్టింది. నీళ్ళలో ఏమీ కలపని సలహా ఇదొక్కటే. అందుకని అన్నింటిలోకీ ఇదే ఉత్తమమని నేను ఈనాటికీ నమ్ముతాను.

మనకే ఇట్లా జరిగిందని చిన్నబోనక్కర్లేదు. 2016 రియో ఒలింపిక్సులో డైవింగ్ కొలను లోకమంతా చూస్తుండగా ఆకుపచ్చగా మారింది. అక్కడ కూడా మా తమ్ముడిలాంటి వాడొకడు ఉన్నట్టున్నాడు. ఆగస్టు 5న నీళ్ళలో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు. అది ఉన్న క్లోరిన్ను కాస్తా విరిచేసింది. కాపలా పోయాక నాచుకు పండగే. 9వ తేదీకల్లా కొలను పచ్చబడింది. పక్కనున్న ఇంకో కొలనులో నీళ్ళను తేటపరచలేక, చివరకు లక్షల లీటర్లు తోడేసి కొత్తవి నింపారు. ఇటు చూస్తే ఆ రెండు తేదీల మధ్యే, ఆగస్టు 7న, ఇప్పటి మా సిద్దిపేట జిల్లాలోనే, గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ తాగునీటి పథకాన్ని ప్రారంభించారు. అక్కడ తేట నీళ్ళు పచ్చబడిన వారంలోనే ఇక్కడ పల్లె నల్లాలకు తేట నీళ్ళు బయల్దేరాయన్నమాట. ఇంకో రెండు నెలలకు, అక్టోబరులో, కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ మండలంలో ఉన్న మా అక్కన్నపేట సిద్దిపేట జిల్లాలో సొంత మండలమైంది.

భగీరథ నీళ్ళు తేరేది ఎట్లాగో చూస్తే మా పూల్ రోగం తెలిసిపోతుంది. నీళ్ళకు గాలి తగిలిస్తారు, పటిక కలుపుతారు, నిలవనిస్తారు, ఇసుకలో వడగడతారు, చివర క్లోరిన్ వేస్తారు. మా ఊళ్ళో చెప్పిన మందులే. తేడా ఒక్కటే. అక్కడ వరస ఉంది, మా ఇంట్లో చుట్టాలున్నారు.

చివరకు విసిగిపోయిన బావమరిది ఫోన్లో తీర్పు చెప్పాడు. "మొత్తం తోడి పారబోసి మళ్ళ నింపుండ్రి బావా." పక్కనే ఉన్న మా ఆమె, ఆయనకు సొంత అక్క, ఫోన్ లాక్కుంది. "ఎండకాలంల గన్ని నీళ్ళు మోరికి ఇడిస్తె ఊళ్ళె మొఖం ఎట్ల సూపెట్టాల్రా?" అంది. ఆమె కోపానికి లెక్క కూడా ఉంది. పల్లెల్లో మనిషికి రోజుకు వంద లీటర్లన్నది భగీరథ లెక్క. మా పూల్ పారబోస్తే 226 మంది ఒకరోజు నీళ్ళు మోరీపాలు. మా మండలంలోనే 8.23 టీఎంసీల గౌరవెల్లి రిజర్వాయరు ఉంది. ఒక్క టీఎంసీ అంటే రెండు వేల ఎనిమిది వందల కోట్ల లీటర్లకు పైమాటే. దాని కింద ఊరూ భూమీ పోగొట్టుకున్నవాళ్ళున్న చోట, వడగట్టే ఓపిక లేదని నీళ్ళు పారబోస్తే మర్యాదగా ఉండదు.

ఆ తర్వాత ఆమె ఇచ్చిన ఆజ్ఞ ఇది: "అందరు ఎనక్కి జరుగుండ్రి. ఎవ్వడు ఏం కలపొద్దు. గా మోటరు నడవనియ్యుండ్రి."

పూల్‌కు కావలసింది ఇదే. ముందు కొలవాలి, పరీక్ష కిట్టులో రెండు చుక్కలు వేస్తే పీహెచ్ ఎంతో, క్లోరిన్ ఎంతో రంగే చెబుతుంది. పీహెచ్ 7.2కు, 7.6కు మధ్యకు దించాలి. క్లోరిన్ సాయంత్రం వేయాలి, ఎండకు దొరక్కుండా రాత్రంతా పనిచేస్తుంది. నీళ్ళన్నీ ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒక్కసారైనా ఇసుక ఫిల్టరు గుండా తిరగాలి. మడ్డి పట్టి ప్రెషర్ ముల్లు పైకెక్కితే నీళ్ళను వెనక్కి తిప్పి ఇసుకను కడగాలి. పటిక వేస్తే కూర్చున్న మడ్డిని ఫిల్టరుకు పంపకుండా నేరుగా బయటికి పీల్చేయాలి. అప్పటిదాకా పిల్లలను గదిలో పెట్టి గొళ్ళెం వేయాలి. దిగేవాళ్ళు ముందు స్నానం చేయాలి. ఈ చివరి మాటకు మా బంధువులు నొచ్చుకున్నారు. "స్నానం జేసి స్నానానికి పోతరా ఎవరన్న?" అని అడిగారు. ఘాటైన క్లోరిన్ వాసన శుభ్రతకు గుర్తు కాదు. అది క్లోరిన్ మన చెమటతో, మనం ఒప్పుకోని ఇంకో దానితో కలిసినప్పుడు పుట్టే వాసన. ఈ సంగతి చెప్పాక అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. మరుసటి రోజు నుంచి స్నానాలు మొదలయ్యాయి.

నీళ్ళు తేరాయి. ఆ ఘనత ఎవరిదన్నది మాత్రం తేలలేదు. తమ్ముడు బ్లీచింగ్ అంటాడు, అత్త పటిక అంటుంది, వదిన గుమ్మడికాయ అంటుంది. రాత్రింబవళ్ళు తిరిగిన మోటరుకు నోరు లేదు.

స్విమ్మింగ్ పూల్ అంటే పాలివ్వని బర్రె. రోజూ మేత వేయాలి, కడగాలి, కింద పడింది ఎత్తిపోయాలి, చివరకు చాయ్‌కి కూడా పాలుండవు. ఇంటెనుక జాగా ఉంది కదా అని కట్టించాలనుకునేవాళ్ళు టైల్సు రంగు తర్వాత చూసుకోండి. రోజూ దాని చాకిరీ చేసేదెవరో ముందు తేల్చుకోండి. ఊళ్ళో రిటైరైన బావ ఉన్నాడన్నది చాలినంత ఏర్పాటు కాదు.

ఆఖరుగా ఒక్క మాట. ఎవరు ఎన్ని మందులేసి నీళ్ళు ఎంత తేటపడ్డాయన్నా సరే, గట్టు మీద నిలబడి చూస్తే అడుగున నీళ్ళు పోయే జాలీ స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే పిల్లలను దిగనీయకండి. మునిగినవాడు పైవాళ్ళకు కనబడడు. ఈ వ్యాసంలో నవ్వులాట కానిది ఇదొక్కటే.