135 మిల్లీలీటర్ల జాతీయ రహదారి

డైపరు మానిన బిడ్డ అనే వర్గాన్ని ముందుగా నిర్వచించుకోవడం అవసరం. సాధారణంగా రెండేళ్ళకూ మూడేళ్ళకూ మధ్య వయసులో ఉండి, పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు, సొంత ఇంట్లో, అలవాటైన పాటీ సీటుకు నాలుగడుగుల దూరంలో ఆడుకుంటూ, ‘అమ్మా, పాస్’ అని తడపకముందే చెప్పగలిగిన వ్యక్తిని ఈ వర్గంలో చేర్చవచ్చు. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా నిర్వచనం వీగిపోతుంది. హైదరాబాదు నుంచి సంక్రాంతికి విజయవాడ వైపు బయలుదేరిన కారులోనైతే అవి ఎల్బీనగర్ దాటకముందే దాదాపు అన్నీ తప్పిపోతాయి. అయినప్పటికీ, ‘మావాడు డైపరు మానేశాడు’ అన్న ప్రకటన ప్రయాణానికి వారం ముందే ఇరువైపుల తాతయ్యలకూ, మేనత్తలకూ, అడగని పక్కింటివారికీ చేరిపోయి ఉంటుంది కనుక, ఆనాటి నుంచి డైపరు శిశు సంరక్షణకు సంబంధించిన వస్తువుగా కాక వంశ ప్రతిష్ఠకు సంబంధించిన వస్తువుగా పరిగణన పొందుతుంది.

బయలుదేరే ముందు రాత్రి ఈ వస్తువు గురించి జరిగే చర్చలో రెండు వాదాలు తలపడతాయి. ఒకసారి మానిపించినదాన్ని మళ్ళీ తొడిగితే బిడ్డ అయోమయంలో పడి నేర్చినది మరచిపోతుందని వాదించేది సిద్ధాంత పక్షం. ఆ మాట చెప్పే పిల్లల వైద్యులు కూడా లేకపోలేదు కనుక దానికి శాస్త్రం అండ కొంత ఉంది. కారు కొని ఏడాదైనా కాలేదనీ, సీటు స్పాంజిలోకి దిగినది ఏ సర్వీసింగులోనూ పైకి రాదనీ వాదించేది సీటుకవరు పక్షం. దీనికి సహజంగానే నెలనెలా వాయిదా కట్టేవారు నాయకత్వం వహిస్తారు. అర్ధరాత్రికి కుదిరే రాజీ ప్రకారం డైపరు తొడగరు గానీ, సిద్ధాంత పక్షానికి కనిపించకుండా రెండింటిని ఒక సంచిలో అడుగున పెడతారు. ఆ సంచిని డిక్కీలో, పండగ బట్టల సూట్‌కేసు కింద, అవసరం పడినప్పుడు ఎవరి చేతికీ అందని చోట భద్రపరుస్తారు.

బిడ్డ పక్షాన శరీరధర్మ శాస్త్రం చెప్పేది క్లుప్తంగానే ఉంది. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి వైద్యులు వాడే ఒక సూత్రం ప్రకారం, వయసుకు రెండు కలిపి 30తో గుణిస్తే వచ్చే అంకె మిల్లీలీటర్లలో దాని సామర్థ్యం. అంటే రెండున్నరేళ్ళ ప్రయాణికుడి సామర్థ్యం 135 మిల్లీలీటర్లు, రోడ్డు పక్క టీ గ్లాసులతో కొలిస్తే రెండు. పెద్దల సామర్థ్యం దీనికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది కనుక, ఇల్లు కదిలిన గంటలోనే ‘మళ్ళీనా?’ అని ఆశ్చర్యపోయే తండ్రి నిజానికి తన లెక్కను మరొకరి పాత్రలో పోసి చూస్తున్నాడని గ్రహించాలి. అంతేకాక, మూత్రమార్గాన్ని బిగించి ఉంచే సంవరిణీ కండరాన్ని ఇష్టపూర్వకంగా అదుపు చేయడం బిడ్డకు కొత్త విద్య. తడిసిన సంగతి మొదట తడిసిన తరవాత తెలుస్తుంది, కొన్నాళ్ళకు తడుపుతుండగా తెలుస్తుంది, తడపబోతున్న సంగతి అన్నిటికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. ఆ చివరి దశలోకి ఇప్పుడిప్పుడే అడుగుపెట్టిన బిడ్డను ‘ఇంకో పది నిమిషాలు ఆపుకో నాన్నా’ అని బతిమాలడంలో రెండు దోషాలున్నాయి: ఆపుకోవడం ఆ బిడ్డకు పూర్తిగా రాదు, పది నిమిషాలంటే ఎంతో అసలే తెలియదు. నిద్రలో అదుపు రావడానికి ఇంకా ఏళ్ళు పట్టవచ్చు. అయిదేళ్ళ లోపు పక్క తడపడాన్ని వైద్యులు జబ్బుగానే లెక్కించరు. కారు కుదుపుకు బిడ్డ సూర్యాపేట ముందు నిద్రపోతే, లేపితే ఏడుస్తాడనీ లేపకపోతే తడుపుతాడనీ రెండు వర్గాలు గుసగుసగా పోట్లాడుకుంటుండగా ఊళ్ళోని హోటళ్ళన్నీ వెనక్కి వెళ్ళిపోయి, చివరి హోటలు కనుమరుగైన వెంటనే బిడ్డ కళ్ళు తెరవడం ఈ రంగంలో తరచుగా గమనించబడే విషయం.

ఇక రహదారి వైపు చూడాలి. పూణె నుంచి సోలాపూర్, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారిలో హైదరాబాదు, విజయవాడల మధ్య భాగం మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద మూడు టోల్ గేట్లున్నాయి. ఒకే మార్గంలో రెండు టోల్ గేట్ల మధ్య, కొన్ని మినహాయింపులు పోగా, 60 కిలోమీటర్ల దూరం ఉండాలని 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు చెబుతున్నాయి. పౌరుడి పర్సు ఎంత దూరానికి ఒకసారి తెరుచుకుంటే అతనికి నొప్పి తెలియదో రాజ్యం ఇంత శ్రద్ధగా ఆలోచించినందుకు సంతోషించవలసిందే. ఫాస్టాగ్‌ను 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ప్రభుత్వం తప్పనిసరి చేయగా, అదే ఏడాది మే నెలలో జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ, రద్దీ వేళల్లో సైతం ఒక్కో వాహనం గేటు దగ్గర 10 సెకన్లకు మించి నిలవకూడదన్న మార్గదర్శకాన్ని కూడా వెలువరించింది. డైపరు మానిన బిడ్డ ఇచ్చే ముందస్తు నోటీసు గడువు కూడా రమారమి 10 సెకన్లే. సంక్రాంతి ముందు రోజు పంతంగి దగ్గర కార్లు బారులు తీరి నిలిచిపోయినప్పుడు, ఈ రెండు హామీల్లో మాట తప్పనిది ఏదో వెనక సీట్లో కూర్చున్నవారికి వెంటనే తెలుస్తుంది.

అలా నిలిచిపోయిన కారులో బిడ్డ విసుగుతో కేకలు పెట్టడం, ఆ కేకలను చల్లార్చడానికి పెద్దలు మామిడి రసం డబ్బాకు గొట్టం గుచ్చి చేతికివ్వడం ఆనవాయితీ. ఇక్కడ ఒక గ్రంథాన్ని ప్రస్తావించక తప్పదు. నేథన్ అజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక్క రోజులోపే బిడ్డకు మరుగుదొడ్డి అలవాటు నేర్పవచ్చునంటూ 1974లో ప్రచురించిన పుస్తకంలోని కీలక ఉపాయం ఏమిటంటే, బిడ్డకు ఇష్టమైన పానీయాలు పుష్కలంగా తాగించి, మాటిమాటికీ వచ్చేలా చేసి, వచ్చిన ప్రతిసారీ సాధన చేయించడం. ఆ పుస్తకం పేరైనా వినని తెలుగు తాతయ్యలు దానిలోని మొదటి సగాన్ని టోల్ గేటు బారులో అక్షరాలా అమలు చేస్తున్నారు. రెండో సగానికి కావలసిన మరుగుదొడ్డి మాత్రం గేటుకు అవతల, కొన్ని వందల కార్ల దూరంలో ఉంటుంది.

కారు ఆపగలిగిన చోట కూడా 10 సెకన్లు ఎలా ఖర్చవుతాయో పరిశీలించదగినది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను సీటు బెల్టుతో గానీ, పిల్లల ప్రత్యేక సీటుతో గానీ కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయల జరిమానా పడుతుంది. ఈ నియమాన్ని పాటించే అల్పసంఖ్యాకుల విషయంలో, బిడ్డను భుజాల మీదుగా, నడుము మీదుగా, కాళ్ళ మధ్యగా పట్టుకున్న అయిదు పట్టీలనూ విప్పేలోపే గడువు ముగిసిపోతుంది. మిగిలినవారు తల్లి ఒడినే చట్టబద్ధమైన రక్షణ సాధనంగా భావిస్తారు. ఆ ఒడి బిడ్డను ప్రమాదం నుంచి కాపాడలేదు గానీ సీటు కవరును తడి నుంచి కాపాడుతుంది. (ప్రత్యేక సీటే మేలని ఇక్కడ వ్యంగ్యం లేకుండా చెప్పవలసి ఉంది, దాని బట్టను ఉతుక్కోవచ్చు.)

కారు ఆగిన తరవాత ఎదురయ్యే మొదటి సంస్థ పెట్రోలు బంకు. చమురు సంస్థల నిబంధనల ప్రకారం బంకులో మరుగుదొడ్డి ఉండాలి, ఉంటుంది కూడా. దానికి తాళం ఉంటుంది, తాళం చెవి మేనేజరు దగ్గర ఉంటుంది, మేనేజరు భోజనానికి వెళ్ళి ఉంటాడు. ఒకవేళ చెవి దొరికినా, ఇంట్లో కమోడు మీద కప్పబొమ్మ సీటు వేసుకుని విద్య నేర్చిన బిడ్డ, నేలలో అమర్చిన తెల్లటి పింగాణీ గుంటనూ, దాని పక్కన నీళ్ళు కారుతున్న కుళాయినీ చూసి, ఇది తనది కాదని ప్రకటించి బిగదీసుకుంటుంది. కొత్త చోట బిగదీసుకోవడం పిల్లల్లో సహజమే. అప్పుడు పొడవాటి చరిత్ర గల రెండు దేశీయ పద్ధతులు రంగంలోకి వస్తాయి. ఒకటి తలుపుల గది: కారు ఒక పక్కనున్న ముందు తలుపు, వెనక తలుపు రెండూ పూర్తిగా తెరిచి, ఆ మధ్య ఏర్పడిన సందుకు మూడో గోడగా తండ్రిని నిలబెట్టి బిడ్డను కూర్చోబెట్టడం. రెండోది, చంటిపిల్లలను పెంచిన ప్రతి తెలుగింటి ముసలమ్మకూ తెలిసినది: నాయనమ్మ నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు పాదాలూ కాస్త ఎడంగా పెట్టి, వాటి మీద బిడ్డను కూర్చోబెట్టుకుని, ‘ష్‌ష్‌ష్’ అని నీళ్ళ చప్పుడు చేయడం. ఆ చప్పుడుకు అలవాటుపడిన శరీరం చప్పుడు వినగానే స్పందించడాన్ని నిబంధిత ప్రతిచర్య అంటారు. శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల మీద ఈ సంగతిని నిరూపించి పేరు తెచ్చుకోగా, నాయనమ్మలు మూడు తరాల మనుషుల మీద నిరూపించి కూడా ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. అయితే అపార్ట్‌మెంటులో పెరిగి పాటీ సీటు మీద పట్టభద్రుడైన బిడ్డకు ఈ చప్పుడు పరిచయం లేదు కనుక, నాయనమ్మ ఎంత శ్రద్ధగా ‘ష్‌ష్’ అన్నా, మాట్లాడవద్దని చెబుతోందనుకుని బుద్ధిగా నోరు మూసుకుంటుంది.

నీళ్ళ సీసా అనే మూడో పద్ధతి మగపిల్లలకు మాత్రమే చెల్లుతుంది. అందులో పోసినదీ మినరల్ వాటరూ ఒకే రకం సీసాల్లో ఒకే అరలో ఉండటం వల్ల కలిగే ఫలితాల గురించి ఈ వ్యాసం విస్తరించబోదు.

ఇదంతా పేద రోడ్ల సమస్య అనుకుని అమెరికాలోని తెలుగువారిని చూసి ఈర్ష్య పడనక్కరలేదు. డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు వెళ్ళే దారిలో, మరుగుదొడ్ల శుభ్రతకే పేరు పొందిన బకీస్ వంటి భారీ పెట్రోలు బంకులున్నాయి; కానీ అక్కడి పెద్ద మరుగుదొడ్లలో మనిషి కదలికను పసిగట్టి దానంతట అదే భోరుమని నీళ్ళు వదిలే సెన్సారు చిన్నపిల్లలకు పులిలా కనిపిస్తుంది. తేలికైన శరీరం సీటు మీద అటూ ఇటూ కదిలేసరికి, పని కాకముందే కింద నుంచి గర్జన వినిపించి బిడ్డ పైకి ఎగిరి తల్లి మెడను వాటేసుకుంటుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ రంగంలో పేరుమోసిన తల్లులు సైతం ఆ సెన్సారు కన్ను మీద అతికించడానికి హ్యాండ్‌బ్యాగులో పసుపురంగు చీటీల కట్టను వెంట తీసుకువెళుతుంటారు.

ఇంతవరకు బిడ్డను సమస్యగా పరిగణించిన ఈ పరిశీలన, కారులోని ఇతర ప్రయాణికుల వైపు తిరిగినప్పుడు తన అభిప్రాయాన్ని మార్చుకోవలసి వస్తుంది. వెనక సీట్లో తల్లి ఉదయం నుంచి నీళ్ళు ముట్టలేదు. నాయనమ్మకు చక్కెర జబ్బు ఉంది, నీరు పోయే మందు బిళ్ళను ఆ పూటకు మానేసింది, ఆ సంగతి కొడుకుకు చెప్పలేదు. దారిలో ఎక్కడ వెళ్ళాలో తెలియదు కనుక తాగకపోవడమే మేలన్న ఈ నియమం చట్టంలో లేకపోయినా, దూరప్రయాణం చేసే తెలుగు స్త్రీలు తరతరాలుగా దీన్ని పాటిస్తున్నారు. ఆడపిల్లలకు కౌమారం వచ్చేసరికి ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. రోడ్డు అంచున ఎక్కడైనా గోడ వైపు తిరిగి నిలబడగలిగిన మగవారు ఈ నియమం ఉన్నట్టే గమనించరు. డైపరు మాన్పించడం మొదటి మెట్టు మాత్రమేననీ, దాహాన్ని మాన్పించడంతో గానీ ఈ విద్య పూర్తికాదనీ దీన్ని బట్టి తేలుతుంది. మగపిల్లలకు ఆ రెండో పాఠం నుంచి మినహాయింపు ఉంది.

విజయవాడకు నాలుగు గంటల్లో చేరడాన్ని వ్యక్తిగత గౌరవానికి సంబంధించిన విషయంగా భావించే గృహస్థు, తల్లి ‘ఎక్కడైనా ఆపుతావా బాబూ’ అని అడిగితే ‘కోదాడ వస్తోందిగా అమ్మా’ అంటాడు. కోదాడలో ‘నందిగామలో మంచిది ఉంది’ అంటాడు. భార్య అడిగితే అద్దంలోంచి చూస్తాడు. అదే మనిషి బిడ్డ నోట ‘పాస్’ అన్న మాట వినబడగానే గంటకు వంద కిలోమీటర్ల వేగం నుంచి ఎడమ అంచుకు దిగి, నాలుగు ఇండికేటర్లూ వేసి, పరుగున తలుపు తీస్తాడు. తల్లి అరవై ఏళ్ళ సహనం సాధించలేనిదాన్ని 135 మిల్లీలీటర్ల సామర్థ్యం సాధించడానికి కారణం ప్రేమేనని పైకి చెబుతారు గానీ, సీటు కవరు పాత్రను తోసిపుచ్చలేము.

ఈ సూత్రాన్ని అందరికన్నా ముందు కనిపెట్టేది నాయనమ్మ. నార్కట్‌పల్లి దాటిన తరవాత ఆమె మనవణ్ణి దగ్గరికి తీసుకుని చెవిలో ఏదో చెప్పడమూ, వాడు తలూపడమూ, తరవాత జేబు రుమాలులో చుట్టి ఉంచిన పటికబెల్లం ముక్క ఒకటి చేతులు మారడమూ అద్దంలో సగమే కనిపిస్తాయి. కాసేపటికి వాడు పాఠం అప్పజెప్పినట్టు ‘నాన్నా, పాస్’ అంటాడు. శుభ్రంగా ఉన్న ఒక హోటలు ముందు కారు ఆగుతుంది. నాయనమ్మ ముందు దిగి వెళుతుంది, ఆమె వెనక తల్లి వెళుతుంది, తాతయ్య కూడా కాళ్ళు సాగదీసుకునే నెపంతో అటే వెళతాడు. ఆవరణలో తండ్రి మాత్రం బిడ్డ ముందు గొంతుక్కూర్చుని నిక్కరు సగం కిందికి లాగి, పోయవేం నాన్నా అని అడుగుతూ ఉంటాడు. నోట్లో పటికబెల్లం చప్పరిస్తున్న బిడ్డ, రావట్లేదని నిజాయితీగానే సమాధానమిస్తుంది.