పచ్చరంగు ఆవఘాటు

ఇంట్లో సుషీ చేద్దామని చీటీ రాసుకుని హైదరాబాదు సూపర్ మార్కెట్‌కు వెళ్లినవారు ముందుగా వెతికేది వసాబి. వేలెడంత ట్యూబు, మూరెడు ధర.

వెనక చీమతలకాయంత అక్షరాలు చదివితే చాలాసార్లు బండారం బయటపడుతుంది: హార్స్‌రాడిష్, ఆవపిండి, పచ్చరంగు. అసలు వసాబి జపాన్‌లో షిజువొకా వంటి చోట్ల పారే చల్లటి నీటిలో పెరుగుతుంది. తురిమిన పావుగంటకే ఘాటు తగ్గుముఖం పడుతుంది. అది ట్యూబులో ఏం నిలుస్తుంది, పాపం!

ముక్కు అదరగొట్టేది అలైల్ ఐసోథయోసైనేట్. ఆవపిండిలోనూ అదే. ఒంటికి వేడని ఆవకాయ జాడీని అటకెక్కించినవారే ఇప్పుడు బఠాణీగింజంత వసాబి నాలిక్కి రాసుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ‘అథెంటిక్’ అంటున్నారు.

చీటీలో తర్వాతది కొంబు. అజినొమొటో అంటే ఆమడదూరం పరుగెత్తేవారు దీన్ని భక్తిగా బుట్టలో వేసుకుంటారు. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా అజినొమొటోలో ఉండే ఆ గ్లుటమేట్‌ను పట్టుకున్నది ఈ సముద్రపు నాచులోనే మరి!