దగ్గు లేదుగా, టీబీ ఎక్కడిది?

పెళ్లయి ఐదేళ్లయినా మా చెల్లెలికి పిల్లల్లేరు. మూడు రోజులుండే నెలసరి ఒక్క రోజుకి తగ్గి, చివరికి చిన్న మరకతో సరిపెట్టేది. ఆ ఐదేళ్లూ మాకు సలహాలకేం కొదవ లేదు. మమ్మల్ని ముంచినవి మాత్రం ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా చెబితే వినకండి.

"దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రే బాగుంది, టీబీ ఎక్కడిది?" ఈ మాటకే మాకు రెండేళ్లు పోయాయి. చాలామందిలో టీబీ క్రిమి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి ఫెలోపియన్ ట్యూబులకు చేరుతుంది. ఆ జబ్బు బయటపడేసరికి ఎక్స్‌రేలో మచ్చ కూడా ఉండకపోవచ్చు. కొందరికి పిల్లలు పుట్టకపోవడం తప్ప వేరే లక్షణమే కనబడదు.

"రక్త పరీక్ష చేయిస్తే తేలిపోతుంది." యాంటీబాడీలు చూసి టీబీ చెప్పే కిట్లను మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. చేతికి సూది వేసి చూసే మాంటూ పరీక్షతోనూ తేలదు. అది ఉబ్బితే ఎప్పుడో ఒకప్పుడు క్రిమి ఒంట్లోకి వచ్చిందని అర్థం, గర్భసంచిలో జబ్బుందని కాదు.

"ముక్క ఎప్పుడు తీస్తేనేం, ఏ సీసాలో వేస్తేనేం?" అన్నిటికంటే నష్టం చేసింది ఇదే. పరీక్షకి ముక్క తీసేది గర్భసంచి లోపొర నుంచి, అది నెలనెలా రాలిపోతుంది. క్రిమి ఆనవాళ్లు దొరికే అవకాశం నెలసరికి ముందు రోజుల్లోనే ఎక్కువ, కాబట్టి ముక్క అప్పుడే తీయాలి. తీసిన గోరంత ముక్కనీ రెండు సీసాల్లోకి పంచాలి. ఫార్మలిన్‌లో వేసింది మైక్రోస్కోపు కింద చూడటానికి, మామూలు సెలైన్‌లో వేసింది క్రిమిని పెంచి చూసే కల్చర్‌కి, జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకి. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, చచ్చింది కల్చర్‌లో పెరగదు. మా చెల్లెలి ముక్కంతా ఫార్మలిన్ సీసాలోనే వేసిచ్చారు. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి మూత తీయకుండానే లేబుల్ చదివి, "ఇది కల్చర్‌కి పనికిరాదక్కా" అన్నాడు. మళ్లీ నెల ఆగాల్సి వచ్చింది. రెండోసారి చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లే ముందే, "సెలైన్ సీసా ఏదమ్మా?" అని నర్సుని అడిగాను. మీరూ అడగండి, మొహమాటపడకండి.

"నెగెటివ్ వచ్చిందిగా, ఇక వదిలేయండి." ఈ జబ్బులో ముక్కలో ఉండే క్రిములే బహు తక్కువ. మా చెల్లెలికి కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ల్యాపరోస్కోపీ చేస్తే ట్యూబుల మీద ఆవగింజలంత తెల్లటి బుడిపెలు కనబడ్డాయి. వాటిలోంచి తీసిన ముక్కలోనే టీబీ తేలింది.

"పీసీఆర్ పాజిటివ్, మందులు మొదలెట్టేయండి." ఇదీ తప్పే. పీసీఆర్ క్రిమి డీఎన్‌ఏని వెతికే పరీక్ష, చచ్చిన క్రిమి అవశేషానికీ పాజిటివ్ రావచ్చు. అదొక్కటే చూసి మందులు మింగకూడదు.

చెల్లెలు ఆరు నెలలు మందులు వాడింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు. జబ్బు తగ్గింది గానీ, మూసుకుపోయిన ట్యూబులు తెరుచుకోలేదు. ఎక్స్‌రే చూసి ఇంటికి పంపేసినవాళ్ల మీద నాకింకా కోపం పోలేదు.